ఈల వెనక్కి తీసుకున్నాక బంతి ఎవరిది?

2024 జూన్ 10న న్యూయార్క్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ మ్యాచ్ చూసినవాళ్లకు ఈ చిక్కు ముందే తెలుసు. దక్షిణాఫ్రికా చేసింది 113 పరుగులే. ఛేదనలో ఉన్న బంగ్లాదేశ్ బ్యాటర్ మహ్మదుల్లా ప్యాడ్‌కు తగిలిన బంతి బౌండరీకి వెళ్లిపోయింది. ఈలోపు అంపైర్ ఎల్బీడబ్ల్యూ అంటూ వేలెత్తేశాడు. రివ్యూలో నాటౌట్ అని తేలింది. వికెట్ దక్కింది గానీ ఆ నాలుగు లెగ్‌బైలు దక్కలేదు. అవుట్ ఇచ్చిన క్షణంలోనే బంతి డెడ్ అయిపోయింది కాబట్టి తర్వాత జరిగినదంతా లెక్కలోకి రాదు. బంగ్లాదేశ్ ఓడింది సరిగ్గా నాలుగు పరుగుల తేడాతోనే.

క్రికెట్‌లో ఇది ఎప్పుడో ఒకసారి తగిలే దెబ్బ. పైగా అక్కడ తర్వాతి బంతి ఎవరు వేయాలో, ఎవరు ఆడాలో ఎవరికీ అనుమానం ఉండదు. బాస్కెట్‌బాల్‌లో ఆ భరోసా కూడా లేదు. ఒక్క ఈలతో పదిమందీ ఆగిపోతారు. ఆ క్షణాన బంతి గాలిలో ఉండొచ్చు, నేలమీద దొర్లుతుండొచ్చు, ఇద్దరి వేళ్ల మధ్య పెనుగులాడుతుండొచ్చు. రెఫరీ వీడియో చూసి వచ్చి ‘ఫౌల్ లేదు’ అంటాడు. సరే, మరి బంతి ఎవరికివ్వాలి? ఫౌల్ అయిందా లేదా అన్నది కెమెరా చెబుతుంది. ఈల మోగకపోయి ఉంటే ఏం జరిగేదో ఏ కెమెరా చెప్పదు. రీప్లే గురించిన చర్చలన్నీ మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. నిజమైన తలనొప్పి రెండోది.

ఆట పుట్టినప్పుడే ఈ తగువు కూడా పుట్టింది. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నియమాల్లో గీత దాటిన బంతి సంగతి ఉంది. బయటికి పోయిన బంతిని ముందుగా ఎవరు తాకితే వాళ్లే లోపలికి విసరాలి. ఎవరు ముందో తేలకపోతే అంపైరే దాన్ని కోర్టులోకి విసిరేయాలి. ఫలితం ఊహించుకోవచ్చు. ఆటగాళ్లు బంతి వెంట ప్రేక్షకుల మీద పడి కుమ్ములాడుకునేవాళ్లు. 1913లో గానీ ఇప్పటి పద్ధతి రాలేదు: చివరగా ఎవరు తాకారో చూసి, ఎదుటి జట్టుకు బంతి ఇవ్వడం. అది కూడా తేలని చోట జంప్ బాల్: ఇద్దరు ప్రత్యర్థుల మధ్య రెఫరీ బంతిని పైకి విసురుతాడు, వాళ్లు ఎగిరి దాన్ని తమవైపు తట్టాలి. అప్పట్లో బుట్టలో బంతి పడిన ప్రతిసారీ మధ్య వృత్తానికి వచ్చి జంప్ చేయాల్సిందే. 1937లో అమెరికాలో ఆ ఆనవాయితీకి స్వస్తి పలికారు. 1981-82 సీజన్ నుంచి అమెరికా కాలేజీ ఆటలో మొదటి జంప్ తప్ప తక్కినవీ పోయి, స్కోరర్ టేబుల్ మీదికి బాణం గుర్తు వచ్చింది. బంతి ఎవరిదో తేలనప్పుడు ఈసారి మీకు, వచ్చేసారి వాళ్లకు. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా కూడా తర్వాత ఆ బాణాన్నే స్వీకరించింది. ఎన్‌బీఏ మాత్రం ఈనాటికీ జంప్ బాల్‌నే పట్టుకుని ఉంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రద్దయిన ఫౌల్ దగ్గరికి వచ్చేసరికి దీనిమీదే అంతా ఆధారపడుతుంది.

రీప్లే ఎన్‌బీఏలోకి రావడానికి ప్రధాన కారణం 2002 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ నాలుగో మ్యాచ్. మొదటి అర్ధభాగం ముగిసే క్షణంలో లేకర్స్ ఆటగాడు సమాకీ వాకర్ సగం కోర్టు నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది. బంతి చెయ్యి వదిలేలోపే సమయం అయిపోయింది, అయినా మూడు పాయింట్లూ లెక్కలో చేరాయి. శాక్రమెంటో కింగ్స్ ఆ మ్యాచ్‌ను 99-100తో ఓడిపోయింది. తర్వాతి సీజన్‌కల్లా క్వార్టర్ చివరి షాట్లకు వీడియో వచ్చేసింది. 2014లో న్యూజెర్సీలోని సికాకస్‌లో రీప్లే సెంటర్ తెరిచారు. 2019-20లో కోచ్‌లకు ఛాలెంజ్ హక్కు ఇచ్చారు. కోచ్ టైమౌట్ అడిగి, రెఫరీల వైపు చూపుడువేలు గాలిలో తిప్పాలి. ఓడితే టైమౌట్ పోతుంది. గెలిస్తే 2023-24 నుంచి రెండో ఛాలెంజ్ కూడా దొరుకుతోంది.

గమనించాల్సింది ఏమిటంటే, మొదట రీప్లే చూసినవన్నీ ఆట తనంతట తాను ఆగిపోయే చోట్లు. క్వార్టర్ ముగిసింది, షాట్ పడింది, లెక్కా కాదా? లెక్కయితే పాయింట్లు వేస్తారు, కాకపోతే తీసేస్తారు. బంతి ఎవరిదన్న ప్రశ్నే రాదు. రేఖ దాటిన బంతి విషయంలోనూ ఇబ్బంది తక్కువే. తీర్పు మారితే బంతి ఈ జట్టు నుంచి ఆ జట్టుకు మారుతుంది, అంతే. ఛాలెంజ్ వచ్చాక మధ్య ఆటలో ఊదిన ఫౌల్ ఈలలు కూడా తిరగబడటం మొదలైంది. అసలు చిక్కు అక్కడుంది.

ఒక సందర్భం తీసుకుందాం. షూటర్ రింగు మీదికి లేచాడు. డిఫెండర్ బంతిని కొట్టాడు. రెఫరీకి చేతిని కొట్టినట్టు కనిపించి ఈల ఊదాడు. కోచ్ ఛాలెంజ్ చేశాడు. వీడియోలో శుభ్రమైన బ్లాక్ అని తేలింది. ఫౌల్ రద్దు, ఫ్రీ త్రోలు రద్దు. ఇప్పుడు ఎన్‌బీఏ నియమం ప్రకారం రెఫరీలు ఈల మోగిన క్షణానికి వెళ్లి చూస్తారు. అప్పటికి బంతి ఎవరి చేతుల్లోనైనా ఉందా? ఉంటే వాళ్లదే. లేకపోతే, ఎవరి చేతుల్లోకైనా ఖాయంగా పడబోతోందా? అలా పడబోతోందని వీడియోలో స్పష్టంగా కనిపిస్తే వాళ్లకిస్తారు. ఆ రెండూ కాకపోతే మధ్య వృత్తంలో జంప్ బాల్, ఏ ఇద్దరు ప్రత్యర్థుల మధ్యైనా. అంటే రెండు జట్లూ తమలో అందరికంటే పొడవైనవాణ్ని పంపుతాయి.

అరుదుగా ఒక మినహాయింపు ఉంటుంది. డిఫెన్స్ మీద ఫౌల్ ఊదేసరికే షాట్ గాలిలో ఉండి, అది బుట్టలో పడితే, తర్వాత ఫౌల్ రద్దయినా పాయింట్లు నిలుస్తాయి. అది సబబే. ఆ షాట్‌ను ఈల ఆపలేదు కదా.

జంప్ బాల్ సంగతి మాత్రం సబబు కాదని నా అభిప్రాయం. ఎన్‌బీఏలో గురి తప్పిన షాట్ల రీబౌండ్లలో సుమారు నాలుగింట మూడు వంతులు డిఫెన్స్‌కే దక్కుతాయి. బ్లాక్ అయిన బంతి విషయంలో ఆ మొగ్గు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కాబట్టి సహజంగా ఆట సాగి ఉంటే ఎక్కువసార్లు బంతి డిఫెన్స్‌దే అయ్యేది. జంప్ బాల్ దాన్ని సగం సగం పందెంగా మార్చేస్తుంది. తప్పుడు ఈలకు బలైంది డిఫెన్స్, టైమౌట్‌ను పణంగా పెట్టి నిరూపించుకుంది డిఫెన్స్, చివరికి కోర్టులో తమకంటే నాలుగంగుళాలు పొడవైన ప్రత్యర్థి ఉన్నందుకు బంతి కోల్పోయేదీ డిఫెన్సే. ఛాలెంజ్ గెలిచిన కోచ్ ముఖంలో సంతోషం జంప్ అయ్యేదాకా కనిపించకపోవడానికి ఇదే కారణం. పొట్టి ఆటగాళ్లతో ఆడుతున్న జట్టుకైతే ఛాలెంజ్ వేయాలా వద్దా అన్న లెక్కలోనే ఇది చేరిపోతుంది.

‘ఖాయంగా అందబోతున్న బంతి’ అన్న వెసులుబాటు ఈ అన్యాయాన్ని కొంత తగ్గించడానికే. అది మంచి ఆలోచన. కానీ అమలులో రెఫరీలు దాన్ని పిసినారితనంగా వాడతారు. దానికో కారణముంది. ఈల వినగానే కొందరు ఆటగాళ్లు ఆగిపోతారు, కొందరు అలవాటుకొద్దీ బంతి పట్టుకుంటారు. ఆగినవాడు నియమం పాటించాడు. వాణ్ని శిక్షించి, ఈల తర్వాత కూడా కదిలినవాడికి బంతి ఇస్తే, రేపటి నుంచి ఎవడూ ఈలకు ఆగడు. ఈల మోగిన తర్వాత పదిమంది బంతి మీద పడితే గాయాలే మిగులుతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ఈ ప్రమాదాన్ని తెలిసే నెత్తికెత్తుకుంది. ఆటగాడు నేలకొరిగాడని ఊదిన ఈల తప్పని తేలి, అంతకుముందే బంతి జారిపోయిందని వీడియో చూపిస్తే, వెంటనే దాన్ని స్పష్టంగా చేజిక్కించుకున్న జట్టుకే ఇస్తారు. అందుకే అక్కడ ఆటగాళ్లకు ఈలతో పనిలేకుండా బంతి మీద పడమని నేర్పుతారు. బాస్కెట్‌బాల్‌లో, ఆరున్నర అడుగుల మనుషులు రింగు కింద గాల్లో ఉన్నప్పుడు, అదంత తెలివైన శిక్షణ కాదు.

సాకర్ ఇంకో దారిలో వెళ్లింది. రెఫరీ అనవసరంగా ఆట ఆపితే ఒకప్పుడు ఇద్దరు ప్రత్యర్థుల మధ్య బంతి వదిలేవాళ్లు, మన జంప్ బాల్ లాగే. 2019లో ఆ పోటీని తీసేశారు. దాని బదులు బంతిని చివరగా తాకిన జట్టుకు వదిలే పద్ధతి వచ్చింది, ఎదుటివాళ్లు దూరంగా నిలబడాలి. ఆఫ్‌సైడ్ జెండా ఆలస్యంగా ఎత్తడం కూడా వీడియోతో వచ్చిన మార్పే. ముందు ఆట సాగనివ్వు, తర్వాత చూద్దాం అన్న పద్ధతి. బాస్కెట్‌బాల్‌లో ఈల ఆలస్యం చేయడం అంత తేలిక కాదు. ఫౌల్ తర్వాత ఒక్క సెకను ఆగితే అవతలి వైపు ఫాస్ట్ బ్రేక్ మొదలైపోతుంది. అయినా అనుభవమున్న రెఫరీలు రింగు దగ్గర తాకిడి జరిగినప్పుడు క్షణం ఓపిక పట్టి, షాట్ ఏమైందో చూసి ఊదడం కనిపిస్తుంది. రద్దయిన ఈలల బెడదకు నియమావళిలో దొరకని మందు ఆ ఓపికలో కొంత దొరుకుతుంది.

బాణం వాడే ఫీబా, కాలేజీ ఆటల్లో ఇదే సందర్భం వేరేగా ముగుస్తుంది. ఈల మోగినప్పుడు ఏ జట్టుకూ బంతి మీద అధీనం లేకపోతే బాణం ఎటు చూపిస్తే అటు. ఎత్తుతో పని లేదు, గాలిలోకి ఎగరాల్సిన పని లేదు, పది సెకన్లలో ఆట మొదలవుతుంది. కానీ ఇక్కడ న్యాయం ఇంకా గుడ్డిది. మూడో నిమిషంలో ఇద్దరు ఆటగాళ్లు బంతి పట్టుకుని లాక్కున్నందుకు తిరిగిన బాణం, ముప్పయ్యెనిమిదో నిమిషంలో రద్దయిన ఫౌల్‌ను నిర్ణయిస్తుంది. ఈ రెండు సంఘటనలకూ సంబంధమే లేదు. అయినా నన్నడిగితే జంప్ కంటే బాణమే నయం. అది ఎవరి పక్షమో ఆట మొత్తం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, కోచ్ దాన్ని చూసుకునే ఛాలెంజ్ వేయొచ్చు. షాట్ క్లాక్ పొరపాటున మోగిన సందర్భానికి ఫీబా రాసుకున్న నియమం ఇంకా ముచ్చటైనది. మోగినా పట్టించుకోకుండా ఆట సాగనివ్వాలి. దానివల్ల బంతి అధీనంలో ఉన్న జట్టు నష్టపోయిందని రెఫరీకి అనిపిస్తేనే ఆపి, గడియారం సరిచేసి, ఆ నష్టపోయిన జట్టుకు బంతి ఇవ్వాలి. నష్టం ఎవరికి జరిగిందో అడిగి చూసే నియమాలు ఈ ఆటలో ఎక్కువ లేవు.

రేఖ దాటిన బంతి తేలిక వ్యవహారం అన్నాను. అందులోనూ ఒక మెలిక ఉంది. 2019 ఏప్రిల్‌లో అమెరికా కాలేజీ ఫైనల్, వర్జీనియా, టెక్సస్ టెక్ మధ్య. ఓవర్‌టైమ్‌లో ఇక నిమిషం చిల్లర మిగిలి ఉంది. టెక్సస్ టెక్ ఆటగాడు డావిడే మొరెట్టి చేతిలోని బంతిని వర్జీనియా ఆటగాడు డిఆండ్రే హంటర్ తట్టేశాడు. బంతి టెక్సస్ టెక్‌దే అన్నారు రెఫరీలు. స్లోమోషన్‌లో చూస్తే, బయటికి పోయే ముందు బంతి మొరెట్టి చిటికెన వేలిని రాసుకుంటూ వెళ్లింది. తీర్పు తిరగబడింది, బంతి వర్జీనియాకు వెళ్లింది, టైటిల్ కూడా వర్జీనియాకే, 85-77తో.

నియమం ప్రకారం అది తప్పు కాదు. కానీ దశాబ్దాలుగా ఏ కోర్టులోనైనా, ఎదుటివాడి చేతిలోని బంతిని కొట్టి బయటికి పంపినవాడిదే తప్పు అన్నది ఆటగాళ్ల మధ్య రాయని ఒప్పందం. కంటికి కనిపించేది అదే కదా. వేలి కొసను మిల్లీమీటరు రాసుకున్నది కంటికి ఆనదు. రీప్లే ఆ ఒప్పందాన్ని చెరిపేసింది. దానికి తోడు ఇంకో వింత: బంతిని కొట్టేటప్పుడు డిఫెండర్ చేతిని కూడా కొట్టి ఉంటే? వీడియోలో అందరికీ ఫౌల్ కనిపిస్తుంది, కానీ రెఫరీలకు చివరి స్పర్శను మాత్రమే చూసే అధికారం. దెబ్బ తిన్నవాడి వేలికే బంతి చివరగా తగిలింది కాబట్టి కొట్టినవాడికే బంతి! 2024-25 నుంచి ఎన్‌బీఏ దీన్ని సరిదిద్దింది. గీత దాటిన బంతి మీద ఛాలెంజ్ వచ్చినప్పుడు, దానికి ఆనుకుని జరిగిన, ఊదని ఫౌల్ ఉందేమో కూడా చూడొచ్చు. ఈ పాతికేళ్ల రీప్లే చరిత్రలో బంతి విషయంలో వచ్చిన మార్పులన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే ఇది చివరి స్పర్శ కోసం కాక, బంతి బయటికి ఎలా పోయిందన్న దానికోసం చూస్తుంది.

తీర్పు సరైనదైనా, అది అందరికీ చేరకపోతే ఏమవుతుందో 2023 మార్చి 22న డాలస్‌లో కనిపించింది. మూడో క్వార్టర్ చివర్లో బంతి గీత దాటింది. రెఫరీ గోల్డెన్ స్టేట్‌దని చూపించి, వెంటనే టైమౌట్ కోసం డాలస్ బెంచీ వైపు చెయ్యి చూపించాడు. ఆ రెండో సైగను డాలస్ జట్టు బంతి తమదన్నట్టుగా అర్థం చేసుకుంది. టైమౌట్ తర్వాత ఐదుగురూ కోర్టు అవతలి కొసకు వెళ్లి నిలబడ్డారు. ఖాళీ రింగు కింద కెవాన్ లూనీ తాపీగా డంక్ చేశాడు. గోల్డెన్ స్టేట్ 127-125తో గెలిచింది. ఆ రెండు పాయింట్లే తేడా! యజమాని మార్క్ క్యూబన్ మండిపడ్డాడు, జట్టు ఫిర్యాదు చేసింది, లీగ్ తోసిపుచ్చింది. అక్కడ తీర్పు మారలేదు కూడా, మారిందని ఒక జట్టు అనుకుంది, అంతే. బంతి ఎవరిదో ఇద్దరు కోచ్‌లకూ నోటితో చెప్పాకే బంతిని చేతికివ్వడం అనే చిన్న పని ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇలాంటి ఫిర్యాదులు దాదాపు ఎప్పుడూ నెగ్గవు. 2024 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌తో మ్యాచ్‌లో 0.3 సెకన్లు మిగిలి ఉండగా న్యూయార్క్ ఆటగాడు జేలెన్ బ్రన్సన్ మీద ఊదిన ఫౌల్ తప్పేనని మ్యాచ్ తర్వాత రెఫరీల పెద్దే ఒప్పుకున్నాడు. అయినా న్యూయార్క్ ఫిర్యాదు చెల్లలేదు. రెఫరీ చూపు పొరబడితే అది ఆటలో భాగం. నియమాన్నే తప్పుగా వర్తింపజేస్తే మాత్రం అది విచారించదగ్గ విషయం. 1982 నవంబరులో లేకర్స్, శాన్ ఆంటోనియో మ్యాచ్‌లో మూడు సెకన్లుండగా నార్మ్ నిక్సన్ ఫ్రీ త్రో వేస్తున్నట్టు నటించాడు. రెండు జట్లవాళ్లూ ముందుకు కదిలారు. రెఫరీలు ఇద్దరిదీ తప్పని జంప్ బాల్ పెట్టారు. దాంతో లేకర్స్ స్కోరు సమం చేసి, రెండో ఓవర్‌టైమ్‌లో గెలిచింది. ఆ జంప్ బాల్ నియమ విరుద్ధమని కమిషనర్ లారీ ఓబ్రియన్ తేల్చాడు. 1983 ఏప్రిల్‌లో ఆ మూడు సెకన్లూ మళ్లీ ఆడించారు. ఈసారి గెలిచింది శాన్ ఆంటోనియో.

అలాగని మళ్లీ ఆడించడం పరిష్కారం కాదు. 2007 డిసెంబరులో అట్లాంటా స్కోరర్ లెక్క తప్పి మయామీ ఆటగాడు షకీల్ ఓ‌నీల్‌ను ఆరు ఫౌల్స్ అయ్యాయంటూ బయటికి పంపారు. 51.9 సెకన్లు మళ్లీ ఆడమని లీగ్ ఆదేశించింది. 2008 మార్చిలో ఆడేసరికి ఓ‌నీల్ మయామీలోనే లేడు, ఫీనిక్స్ జట్టుకు వెళ్లిపోయాడు! ఆ 51.9 సెకన్లలో ఎవరూ ఒక్క పాయింటూ చేయలేదు.

వెనక్కి వెళ్లి ఆడించడంలోని అసలు ప్రమాదం 1972 మ్యూనిక్ ఒలింపిక్ ఫైనల్లో బయటపడింది. డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలతో అమెరికా 50-49తో ముందుకొచ్చింది. ఇంకా మూడు సెకన్లు. సోవియట్ జట్టు బంతి విసిరింది. సెకను మిగిలి ఉండగా, టైమౌట్ అడిగామన్న గొడవతో రెఫరీలు ఆట ఆపారు. ఫీబా కార్యదర్శి ఆర్. విలియం జోన్స్ ప్రేక్షకుల్లోంచి దిగివచ్చి గడియారాన్ని మూడు సెకన్లకు తిప్పమన్నాడు. రెండోసారి బంతి విసిరారు. గడియారం ఇంకా సర్దకముందే ఆట మొదలై, హారన్ మోగింది, అమెరికా ఆటగాళ్లు గంతులేశారు. మళ్లీ కాదన్నారు. మూడోసారి ఇవాన్ ఎదెష్కో కోర్టు ఆ కొస నుంచి ఈ కొసకు విసిరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ బుట్టలో వేశాడు. 51-50. అప్పీలు 3-2 ఓట్లతో వీగిపోయింది. అమెరికా వెండి పతకాలు తీసుకోలేదు. బ్రెజిల్ రెఫరీ రెనాటో రిగెట్టో స్కోరు పత్రం మీద సంతకం పెట్టలేదు.

ఐదు దశాబ్దాలుగా అందరూ గడియారం గురించే వాదించుకుంటున్నారు. నాకు కనిపించేది బంతి. సమయాన్ని వెనక్కి తిప్పిన ప్రతిసారీ బంతిని కూడా మొదటి చోటికి, మొదటి జట్టుకే తెచ్చిచ్చారు. ఒక అవకాశం మూడయింది. ఎదుటివాడు రెండుసార్లు అడ్డుకున్న ఆటను మూడోసారి కూడా అడ్డుకోవాల్సి వచ్చింది. ఈ కాలపు నియమాలు ‘ఈల మోగిన క్షణంలో ఉన్నది ఉన్నట్టు’ దగ్గరే మొండిగా ఆగిపోవడం అన్యాయంగా కనిపించినా, ఆటను వెనక్కి తిప్పే రెండో దారి ఎటు పోతుందో మ్యూనిక్ చూపించింది.

భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా గూటిలోదే కాబట్టి, మన జిల్లా, రాష్ట్ర పోటీల్లో కూడా బాణమే. వీడియో లేని కోర్టులో తీర్పు మారాలంటే రెండో రెఫరీ వచ్చి మొదటివాడి చెవిలో చెప్పాలి, అదీ బంతి లోపలికి విసరకముందే. తప్పు జట్టు విసిరేసి, బంతి కోర్టులో ఎవరికైనా తగిలిందా, ఇక ఆ పొరపాటును సరిదిద్దడానికి లేదు. అది బాణం తాలూకు బంతి అయితే నష్టపోయిన జట్టుకు వచ్చేసారి హక్కు మాత్రం పోదు. టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు బాణం తిప్పడం మరిచిపోతే, ఏ రీప్లే సెంటరూ కాపాడదు. అందుకే ఇలాంటి కోర్టుల్లో మంచి రెఫరీ ప్రతి జంప్ బాల్ సందర్భానికీ ముందు టేబుల్ వైపు చూసి, బాణం దిశను గట్టిగా చదివి, ఆ తర్వాతే బంతి చేతికిస్తాడు.